చింతాకు అంచు

"వదినా, బెంగుళూరోళ్లు తీసుకున్న్యారు" అని వాసుదేవ్ స్కూటరు దిగకముందే వీధిలోంచి చెప్పేశాడు.

ఆ సమయానికి శివలీల పెరట్లో పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. ఉల్లిపొట్టు ఉడికిన నీళ్లలోంచి చిలపగా చుట్టిన నూలును కట్టెతో పైకెత్తి, అది పాకం పట్టిన బెల్లం రంగుకు తిరగడం చూసి లోలోపల మురిసిపోతోంది. మాట చెవిన పడగానే ఆ చిలపను అట్లాగే పట్టుకుని ఇల్లంతా నీళ్లు కార్చుకుంటూ వీధి వాకిలికి పరుగెత్తింది. ముందు గదిలో గుంత మగ్గంలో కూర్చున్న మామ తిమ్మయ్య తలెత్తి చూశాడు గానీ పేక పోగు విసిరే నాడె ఆపలేదు. అత్త ఉరుకుందమ్మ మాత్రం, "మెల్లగ పోమ్మే, జారి పడేవు. పెండ్లై మూణ్ణాళ్లు కాలేదు, కాలిరిగితే నన్నంటారు" అని వెనకనుంచి కేకేసింది.

కిందటి వారం నుంచి ఈ ఇంట్లో ఎదురుచూస్తున్న కబురు ఇదే. కొత్తగా మనతో కూర్చున్నవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

శివలీల కర్నూలు పిల్ల. కులం నేతవాళ్లదే అయినా తండ్రి బస్సు కండక్టరు కావడంతో ఆ ఇంట్లో మగ్గం చప్పుడు వినిపించలేదు. డిగ్రీ చదివింది. ఆమెకు రెండే పిచ్చులు: ఒకటి పుస్తకాలు, రెండోది పాతబట్టలు. చిరిగిన చీర కనబడితే దాంట్లో ఒక సంచీ, ఒక దిండు గలీబు, ఒక పుస్తకం అట్ట కనబడతాయి. కొత్తగా కొన్న ప్రతి పుస్తకానికీ నూలు గుడ్డతో తొడుగు కుడుతుంది. పెళ్లైన కొత్తలో అది చూసి భర్త నాగార్జున, "నాకంటే ముందు నీ పుస్తకాలకు చీరలు పెడతాండావే" అని ఏడిపించాడు. అతను బేతంచెర్లలో బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తాడు; శనివారం సాయంత్రం కోడుమూరు వచ్చి ఆదివారం రాత్రి బస్సుకు వెళ్లిపోతాడు. మిగిలిన రోజుల్లో శివలీలకు తోడు అత్తామామలు, చెట్ల పసరు రంగులు, ఆ పీలికలు.

ఆ పీలికలతో చేసిన వస్తువులన్నీ అట్టపెట్టెలో సర్ది, బెంగుళూరులో ఏదో చేతిపనుల ప్రదర్శన జరుగుతోందని తెలిసి, వాసుదేవ్ చేతికిచ్చి పంపింది. వాసుదేవ్ బట్టల వ్యాపారి రామకోటయ్య కొడుకు, నాగార్జునతో కలిసి చదువుకున్నవాడు. పెట్టె పోయి చాలా రోజులైనా ఉలుకూ పలుకూ లేదు. ఉరుకుందమ్మ విసిగిపోయి, ఇంట్లో మిగిలిన పీలికల మూటను చూపి, "శనివారం దాకా చూస్తా. ఆపైన నీళ్ల పొయ్యిలోకే" అని గడువు పెట్టింది. మనం అక్కడ ఆగాం. ఈ రోజు శనివారం.

వాసుదేవ్ లోపలికి వచ్చి చాప మీద కూర్చున్నాడు. ఉరుకుందమ్మ, నోటికెంత కారమో చేతికంత తీపి కాబట్టి, అప్పుడే గిన్నెలో బొరుగులూ బెల్లమూ తెచ్చి అతని ముందు పెట్టింది.

"తినప్పా. తిని నిదానంగ చెప్పు. ఏం తీసుకున్న్యారు?"

"సంచులు పోయినాయి పెద్దమ్మా. పుస్తకాల తొడుగులు పోయినాయి. అవన్నీ ఒక ఎత్తు. గోడకు తగిలించేది ఒకటి పంపింది సూడు వదిన, దాన్ని చూసి ఏసుమణి మేడమని ఒకామె నిలబడిపోయిందంట. ఆమెకు బెంగుళూరులో పెద్ద అంగడి ఉండాది. అన్నీ చేతి నేతే, చెట్ల రంగులే అమ్ముతాది. వదిన ఉల్లిపొట్టుతో, దానిమ్మ తొక్కతో వేసే రంగులు చెప్తే ఆమె ఫోనులోనే నవ్వింది, ఇట్లాంటోళ్లు యాడ దాక్కోనుండారు అని."

శివలీల స్తంభానికి ఆనుకుని నిలబడి ఉంది. చిలప నీళ్లు ఆమె పాదాల మీద కారుతున్నాయి. ఆ వెచ్చని నీళ్లు కూడా ఈ రోజు ముద్దుగా ఉన్నాయి. నాగార్జున సాయంత్రం బస్సు దిగగానే ఈ మాట ఎట్లా చెప్పాలో, ముందు మొహం ముడుచుకుని ఏడిపించాలో, లేక గుమ్మంలోనే చెప్పేయాలో ఆలోచిస్తోంది.

"ఆ గోడదాంట్లో ఉండే అంచు ఆమెకు కావల్ల" అన్నాడు వాసుదేవ్ బొరుగులు నములుతూ. "ఆ అంచుతో చీరలు నేసిస్తే వరసగా తీసుకుంటానంది. అంగట్లో చీర పక్కన తిమ్మయ్య పెద్దనాయన పేరు, ఊరి పేరు రాసి పెడతాదంట. ఏండ్లకేండ్లు పని ఉంటాది పెద్దమ్మా. ఒక్క షరతు. మంగళవారం ఆమే వస్తాది. మగ్గం మీద ఆ అంచు పడతా ఉంటే కండ్లారా చూడల్ల. మరమగ్గం మీద చేసి చేనేతని చెప్పి ఎవరో ఆమెను ముంచినారంట. అందుకని చూడందే ఒక్క గజం కూడా తీసుకోదు."

"రానీలే. మన మగ్గానికి దాపరికమేముంది" అంది ఉరుకుందమ్మ. కోడలి వైపు చూసిన చూపులో మొదటిసారి గర్వం లాంటిది కనిపించింది. "ఏ అంచు పంపినావమ్మే? మనింట్లో ఏ గుడ్డ మీదిది?"

శివలీల నోరు తెరిచేలోపలే వాసుదేవ్ జేబులోంచి మడత కాగితం తీశాడు. "మేడం ఫోటో పంపింది. నెట్ సెంటర్లో ప్రింటు తీయించినా."

ముందు గదిలో నాడె ఆగింది.

చప్పుడు ఆగిన సంగతి శివలీలకు మాత్రమే తెలిసింది. ఆమె తల తిప్పి చూస్తే తిమ్మయ్య పడుగు మీద రెండు చేతులూ ఆనించి కూర్చుని ఉన్నాడు. ఆమెనే చూస్తున్నాడు. ఆ చూపులో ఏముందో అప్పుడామెకు తెలియలేదు.

ఉరుకుందమ్మ చేతులు కొంగుకు తుడుచుకుని కాగితం అందుకుంది. వెలుతురు కోసం గుమ్మం దాకా వెళ్లింది. ఫోటోలో జానెడు నేత గుడ్డ. ఒక పక్క సన్నటి కాడ, కాడకు అటూ ఇటూ జతలు జతలుగా చింతాకులు. నేత ఆగిన చోటినుంచి మూరెడేసి పోగులు కిందికి వేలాడుతున్నాయి. వాటిని శివలీల జడలు జడలుగా అల్లి, చివర చిన్న చిన్న కుచ్చులు కట్టింది.

ఉరుకుందమ్మ చాలాసేపు చూసింది. తర్వాత కాగితాన్ని మళ్లీ మడిచి వాసుదేవ్‌కు ఇవ్వకుండా, తన నడుముకు దోపుకుంది. లోపలి గదిలోకి పోయింది. ముక్కాలిపీట ఈడ్చిన చప్పుడు వినబడింది.

"ఏమైంది?" అన్నాడు వాసుదేవ్.

శివలీలకు తెలియదు. లోపలి గదిలో ఇంకో మగ్గం గుంత ఉంది. కొన్నేళ్లుగా ఆ మగ్గం ఎక్కినవాళ్లు లేరు. దూలానికి ఒక పొడుగాటి గుడ్డ చుట్ట వేలాడుతుంటుంది. పాత సామాను అనుకుని ఆమె ఎన్నడూ దాని జోలికి పోలేదు.

ఉరుకుందమ్మ ఆ చుట్టను రెండు చేతుల మీదా పసిపిల్లను మోసినట్టు మోసుకొచ్చి, చాప మీద పెట్టి విప్పింది. లోపల అచ్చు ఉంది. అచ్చు అంటే నేతగాడి ఇంట్లో దేవుడి పటం తర్వాతిది. పడుగు పోగులు ఒక్కొక్కటీ దూరే దారపు కన్నులూ, వాటి ముందుండే దువ్వెన లాంటి పన్నె కలిపి అచ్చు. ఏ పోగు ఏ కన్నులో దూరిందన్న వరసలోనే అంచు ఉంటుంది. ఆ వరస ఏ కాగితం మీదా ఉండదు. పడుగు అయిపోయాక కూడా పాత పోగుల కొసల్ని అచ్చులోనే వదిలేస్తారు. కొత్త పడుగు వచ్చినప్పుడు, బూడిద అద్దిన వేళ్లతో ఒక్కొక్క కొత్త పోగునూ ఒక్కొక్క పాత కొసకు అతుకుతారు. లాగితే కొత్తది పాతదాని వెంట అచ్చులోకి దూరిపోతుంది. అట్లా తాతల నాటి పడుగు మనవల కాలం దాకా తెగకుండా వస్తుంది. అందుకే అచ్చులో పోగులు ఖాళీ చేయరు. మగ్గం ఎక్కకపోయినా సరే, జానెడు నేతతో సహా చుట్టి దూలానికి కడతారు.

చాప మీదున్న అచ్చులో ఒక్క పోగు లేదు. దారపు కన్నులన్నీ వట్టివి. ఉరుకుందమ్మ వాటి మీద వేలు పోనిచ్చింది. అవి గాలికి కదిలినట్టు కదిలాయి.

"మా అత్త కట్టిన అచ్చిది" అంది. గొంతు పెంచలేదు. "నేను ఈ ఇంటికొచ్చిన ఏడు నాకు ఈ అచ్చు మీదనే అతకడం నేర్పింది. ఆమె పోయిన దినం కూడా దీంట్లో పోగు తెగలేదు. శివలీలా, ఎవురు కోసినారమ్మా దీన్ని?"

శివలీలకు ఇప్పుడు అర్థమైంది. ఆ గోడ బొమ్మ ఏ గుడ్డతో చేసిందో, అది ఎక్కడినుంచి వచ్చిందో, ఎవరిచ్చారో, అన్నీ ఒక్కసారి అర్థమయ్యాయి.

పెళ్లయ్యాక వచ్చిన మొదటి అమావాస్య. ఆ రోజు మగ్గాలకు సెలవు. అత్త ఉరుకుంద ఈరన్న గుడికి పోయింది. మామ పెరట్లోకి వచ్చి, పంచె కొంగులో దాచిన ఈ జానెడు నేతనూ పోగులనూ ఆమె చేతిలో పెట్టాడు. "పాతది లేమ్మా. నీకు పనికొస్తాదేమో చూడు. మీ అత్తకు చూపించొద్దు, పీలికలు పోగేస్తే ఆమెకు గిట్టదు" అన్నాడు. మామకు తన పిచ్చి నచ్చిందని ఆమె ఆ పూటంతా పొంగిపోయింది. ఆ చింతాకులను చూసి ఇంత అందమైనది పాతదెట్లా అవుతుందని ఆశ్చర్యపోయింది. అడగలేదు.

ఆమె ముందు గది వైపు చూసింది. ఇప్పుడాయన చెప్తాడు అనుకుంది. మామ తల దించుకుని నాడె తీసుకున్నాడు. టక్కుమని ఒకసారి, మళ్లీ ఒకసారి. మగ్గం మళ్లీ నడవసాగింది.

"నిన్నే అడుగుతాండేది."

"నా చేతికొచ్చేసరికే అది కోసుండాదత్తా" అంది శివలీల.

"చేతికెట్లొచ్చింది? దూలానికుండేది దానంతటది దిగొచ్చిందా?"

శివలీల చూపు మళ్లీ ముందు గదిలోకి పోయింది. చెప్తే మామ ఈ గదిలో, బయటివాడి ఎదురుగా, భార్య ముందు దొంగలా నిలబడాలి. చెప్పకపోతే తను నిలబడాలి. కొత్త కోడలికి ఈ ఇంట్లో ఇంకా తనదంటూ ఒక మూల కూడా ఏర్పడలేదు. ఇప్పుడిప్పుడే ఏర్పడబోతోందనుకున్న పూట ఇది.

"చదువుకున్న పిల్ల, చేతిలో కత్తెర ఉండేపిల్ల" అంది ఉరుకుందమ్మ. "కనబడిందల్లా కోస్తివి. చీరలు కోస్తివి, నేనేమన్లేదు. రవికెలు కోస్తివి, నవ్వుకుంటి. మా అత్త పేగు కోసి గోడకు తగిలిస్తివి గదమ్మా."

"పెద్దమ్మా, తెలియక..." అని వాసుదేవ్ మొదలుపెట్టాడు.

"నువ్వుండప్పా. బొరుగులు తిను." అంటూనే ఆమె గిన్నె అతని ముందునుంచి తీసేసింది. "ఇంకొక మాట. ఇప్పుడే ఆ మేడానికి ఫోన్ చెయ్యి. ఈ అంచు ఈ ఇంట్లో లేదు, మంగళారం రావొద్దని చెప్పు. ఆ అంచు పేరు చెప్పుకోని వేరేదేదో చూపించి మోసం చేసే కొంప కాదు ఇది."

వాసుదేవ్ సెల్లు తీశాడు గానీ నొక్కలేదు. శివలీల వైపు చూశాడు. ఆమె చేతిలో చిలప నీళ్లు కారడం మానేసి, ఆరి, గట్టిపడుతోంది. ఆ ఫోను పోతే ఏం పోతుందో ఆమెకు తెలుసు. అది తన ముచ్చట ఒక్కటే కాదు. ప్రతి ఆదివారం రాత్రీ బస్టాండులో నాగార్జున దగ్గుతూ బస్సెక్కడం ఆమె చూస్తోంది. పాలిష్ రాయి దుమ్ము అతని కనురెప్పల మీద కూడా ఉంటుంది; తలంటు పోసినా పోదు. ఇంట్లోనే పని దొరికితే అతను ఇంట్లోనే ఉంటాడు. మొన్న ఆదివారం అతనే అన్నాడు: "లోపలి మగ్గం ఎక్కుతా శివా. నువ్వు రంగులెయ్యి, నేను నేస్తా. మనిద్దరిదీ ఒక దుకాణం." ఆ మాట విన్నప్పటి నుంచి ఆమె లోపలి గుంత చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో.

"చెయ్యప్పా ఫోను" అంది ఉరుకుందమ్మ.

"ఒక్క నిమిషం అన్నా" అంది శివలీల. "అత్తా, తప్పు నాదే అనుకో. నన్నేమన్నా అను. ఫోన్ మాత్రం చేయించొద్దు. దోవ ఏదన్నా ఉండాదేమో చూద్దాం."

"ఏం దోవ? తెగిన పోగుకు దోవేంది?"

"ఆ పిల్లను అనొద్దు."

మగ్గం ఆగిపోయింది. తిమ్మయ్య గుంతలోంచి లేచాడు. కాళ్లు రెండూ ఒకదాని తర్వాత ఒకటి చేతులతో ఎత్తి బయట పెట్టుకోవాలి ఆయన. గుంత చెమ్మకు మోకాళ్లు అట్లా పట్టేశాయి. గోడ పట్టుకుని నడిచి వచ్చి, అచ్చుకు అవతలి పక్క కూర్చున్నాడు.

"నేనే కోసినా. అమావాస్య నాడు నువ్వు గుడికి పోయింటివి. కోసి నేనే ఆ యమ్మ చేతికిచ్చినా. నీకు చూపించొద్దని చెప్పింది కూడా నేనే. ఆ పిల్ల నా మాట నిలబెట్టింది."

ఉరుకుందమ్మ మొగుడి మొహంలోకి చూసింది. "నువ్వా?" అంది. "సచ్చిన మీ అమ్మ చేత్తో కట్టింది నువ్వా కోసేది?"

"నేను కాకుంటే ఎవురు కోయల్ల?"

"ఏం పుట్టింది నీకు? పిచ్చా?"

"నాగాకు నేను కాళ్లిచ్చినా ఉరుకుందా. అవి ఎండలో నడవనీ అనుకున్నా." ఆయన అచ్చు వంక చూస్తూ మాట్లాడుతున్నాడు. "మా నాయన గుంతలో కూర్చుని కూర్చునే పోయినాడు. ఆఖరున ఆయన కాళ్లు చాపితే రాల్యా. నా కండ్లకు ఇప్పుడు నల్ల పోగుకూ నీలం పోగుకూ తేడా తెలీదు. నేనేమో వాన్ని పదో తరగతి పాసు కాకముందే మగ్గం ఎక్కనియ్యక తరిమినా. వాడు పెండ్లి చేసుకొని వస్తానే లోపలికి పోయి ఆ గుంతలో దిగి చూసినాడు. నేను చూసినా. వాడు కొలత చూసుకుంటాండాడు, కాళ్లు పడతాయో లేదో. కొత్త పెండ్లాము, ఆమె రంగులు, ఆమె ఉత్సాహం... వాడు ఎనక్కి వస్తాడని ఆ దినమే తెలిసిపోయింది. అచ్చులో పోగుంటే గదా వచ్చేది. అందుకే కోసినా."

శివలీల తన చేతిలో పెట్టింది కానుక అనుకుని పొంగిపోయింది. ఆ పూట ఆయన తమ దోవకు అడ్డంగా గోడ కట్టి, ఆ గోడ తాలూకు రాయినొకదాన్ని తన చేతికి ఆడుకోమని ఇచ్చాడు. దాన్ని తనే ఊరు దాటించి, ఎవరికో చూపించి, ఇప్పుడు ఆ గోడ ముందుకే వాళ్లను పిలుచుకొచ్చింది.

"నాకు చెప్పుంటే?" అంది ఉరుకుందమ్మ.

"చెప్పుంటే కోయనిచ్చి ఉందువా?"

సరిగ్గా అప్పుడు గుమ్మంలో వెలుతురు తగ్గింది. నాగార్జున నిలబడి ఉన్నాడు. ఎప్పుడూ శనివారం భుజానికి ఒక సంచితో వచ్చేవాడు. ఈ రోజు ఒక చేతిలో మిఠాయి పొట్లం, ఇంకో చేతిలో ట్రంకు పెట్టె. నెత్తి మీద బొంత చుట్ట.

వాసుదేవ్ నాలుక కరుచుకున్నాడు. "నేను పొద్దున్నే వీనికి ఫోన్ చేసి చెప్పినా పెద్దమ్మా. సంతోషం పట్టలేక."

"నాయనా, చెప్పి వచ్చేసినా" అన్నాడు నాగార్జున, బొంత దించి నవ్వుతూ. "ఇంక బేతంచెర్ల పోను. శివా, యాడుండావు, నోరు తెరువు. కోవా." అని పొట్లం విప్పబోయి, చాప మీదున్నది చూశాడు. తర్వాత తల్లి మొహం, తండ్రి మొహం. "ఏంది? ఎవరన్నా పోయినారా?"

శివలీల అతని చేతిలోంచి పొట్లం తీసుకుని పక్కన పెట్టింది. జరిగింది తనే చెప్పింది. ఒక్కొక్క మాటకూ అతని మొహంలో బస్సు ప్రయాణపు సంతోషం కొంచెం కొంచెం దిగిపోవడం చూస్తూ, అయినా ఆపకుండా, ఏదీ తగ్గించకుండా, పెంచకుండా చెప్పింది. మామ ఎందుకు కోశాడో కూడా చెప్పింది. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె గొంతు మెత్తబడింది.

నాగార్జున తండ్రి ఎదురుగా కూర్చున్నాడు. "నువ్వు గుంతనే చూసినావు నాయనా. నేను దుమ్ము చూసినా. ఆడ నా పక్కన పని చేసేవాడు గోపన్నని ఉండాడు. నాకంటే చిన్నోడు. మెట్లెక్కితే నిలబడి ఊపిరి తీసుకుంటాడు. బండ కోసేటప్పుడు తెల్లగ లేస్తాది సూడు, అది లోపలికి పోయి బండే అయితాది. కాళ్లు ఎండలో ఉంటే సరిపోతాదా, రొమ్ములోకి రాయి పోతాంటే?"

"ఆ మాట నాకు ఎప్పుడన్నా చెప్పినావా?"

"నువ్వు తరిమినోనివి. నీకేం చెప్పల్ల?"

తిమ్మయ్య చేయి వట్టి అచ్చు మీదకు పోయి, కన్నుల వరసను తడిమింది. ఎక్కడ ఏది దూరాలో వేళ్లు వెతుకుతున్నట్టుంది. కొంచెం దూరం పోయి ఆగిపోయింది.

"గుర్తుండాదా మామా?" అంది శివలీల వంగి.

"ల్యా. మా అమ్మకు తెలుసు. నేను అతికిన పడుగు నేసినోన్ని, కట్టినోన్ని కాదు."

"ఆ గోడ బొమ్మ తెప్పించి నేత విప్పి చూస్తే?"

"తెలుస్తాది. నెలో, రెండు నెలలో. మంగళారానికి కాదు."

శివలీల తలలో ఒకదాని మీద ఒకటి దార్లు తెరుచుకుని మూసుకుపోతున్నాయి. అత్తను అడిగింది: "అవ్వ కట్టింది ఈ ఒక్కటేనా? ఇట్లాంటిది ఇంకోటి లేదా?"

ఉరుకుందమ్మ మొగుణ్ణి చూసింది, తిమ్మయ్య నేలను చూశాడు, నాగార్జున లేచి గుమ్మం దగ్గరికి పోయి వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

"ఉండాది" అంది చివరికి ఉరుకుందమ్మ. "మా అత్త రెండు కట్టింది. కొడుక్కొకటి, కూతురికొకటి. కూతురి పెండ్లిలో సారెతో పాటు అచ్చు కూడా ఒళ్లో పెట్టి పంపింది. వేంపల్లెలో ఉండాది, ఓబులమ్మ ఇంట్లో."

ఓబులమ్మ పేరు శివలీల విన్నది ఒక్కసారే, పెళ్లి పందిట్లో. మామకు సొంత చెల్లెలు. పెళ్లికి రాలేదు. ఎందుకు రాలేదో తర్వాత ఎవరో గుసగుసగా చెప్పారు. ఓబులమ్మ కూతురిని నాగార్జునకు చేసుకోవాలని పిల్లలు పాకే వయసు నుంచీ రెండిళ్లవాళ్లూ అనుకున్నారు. మేనరికం ఖాయమని ఆ పిల్లకు ప్రతి పండగకూ ఇక్కడినుంచి చీర పోయేది. చివరికి నాగార్జున కర్నూలు పిల్లను చేసుకుంటానన్నాడు. ఆ కర్నూలు పిల్ల తనే.

"ఓబులమ్మత్త ఏమనిందో తెలుసు గదా" అన్నాడు నాగార్జున వెనక్కి తిరక్కుండా. "ఈ ఇంటి నీళ్లు ముట్టనని దీపం ముందర నిలబడి చెప్పింది."

"నేను పోతా" అన్నాడు తిమ్మయ్య.

ఉరుకుందమ్మ గిరుక్కున తిరిగింది. "నువ్వు యాల పోవల్ల? ఇది కోసింది చాల్లేదా? ఆ రెండోది కూడా కోసొస్తావా?"

తిమ్మయ్య చూపు అచ్చు మీదనే ఉంది. శివలీల ఆ ముసలి మొహాన్ని పట్టి పట్టి చూసింది. చెల్లెలి ముందు తల వంచైనా తెగిందాన్ని అతకాలని పోతున్నాడా, లేక మిగిలిన ఆ ఒక్క దారినీ మూసేయడానికి పోతున్నాడా? తెలియలేదు. బహుశా ఆయనకు కూడా ఇంకా తెలియదేమో.

"అందుకే ఒక్కన్నే పోను" అన్నాడాయన. "కోడలొస్తాది నాతో."

"నేనొస్తా నాయనా" అన్నాడు నాగార్జున.

"నువ్వొస్తే మీ అత్త తలుపే తీయదు. వాసూ, ఆ మేడానికి ఫోన్ చేయొద్దు. ఔననేది లేదు, వద్దనేది లేదు. మంగళారం రానీ." ఆయన గోడ పట్టుకుని మెల్లగా లేచి, శివలీల వైపు తిరిగాడు. "ఏమ్మా, వస్తావా? ఆమె నిన్నేమంటాదో నేను చెప్పలేను. నన్నంటే నాకు చెల్లు. నిన్నంటే నేను అడ్డం రాను, వస్తే అచ్చు రాదు."

శివలీల చేతిలో ఇంకా ఆ నూలు చిలప ఉంది. దాన్ని దండెం మీద ఆరేసి, ముడతలు సాగదీసి, వచ్చి నిలబడింది.

"వస్తా మామా. ఆమె కూతురు ఇంట్లోనే ఉంటాదా?"

"ఉంటాది."

"సరే."

"అయితే వినండి అందరూ" అన్నాడు తిమ్మయ్య. ఇన్నాళ్లలో ఆయన ఇంత పెద్దగా మాట్లాడడం ఆమె వినలేదు. "రేపు తెల్లారి మొదటి బస్సుకు నేనూ కోడలూ కర్నూలు పోయి, ఆడినుంచి కడప బస్సెక్కి వేంపల్లె పోతాం. అచ్చు అడిగేది ఈమె, నేను కాదు. నాగా, నువ్వూ మీ అమ్మా మేమొచ్చేలోగా లోపలి గుంత ఊడ్చి పెట్టండి. అచ్చు తెస్తే పడుగెక్కిస్తాం. తేకుంటే మన్ను పోసి నేనే పూడుస్తా."